రెండు మత్తులు కలిసినప్పుడు

డోర్నకల్ నుండి భద్రాచలం రోడ్డునకు పోవు రైలుమార్గములో కారేపల్లి ఒక కూడలి. ఇల్లందు బొగ్గుగనుల శాఖ ఇచ్చటనే చీలినది. ఈ అటవీప్రాంతమున తాటి, ఈత, ఇప్ప చెట్లకు కొదువ లేదు. మత్తు ఇచ్చటివారికి క్రొత్త వస్తువును కాదు. ఫాల్గుణ చైత్రములలో రాలిన ఇప్పపూవును ఏరి, ఎండబెట్టి సారా కాచుట, పండుగనాడు కల్లు ముంత ముందుంచుట కోయవారి ఆచారములలో నున్నవే. దానిని గూర్చి తీర్పు చెప్పుట నా ఉద్దేశము కాదు. ఒక మత్తులో మరియొక మత్తు చేరినప్పుడు మనిషి జ్ఞాపకమునకు, వివేచనకు ఏమి జరుగునో చెప్పదలచితిని.

కల్లు తనంత తానే పులియును. తెల్లవారి దించిన తీపినీరు సాయంకాలమునకు మద్యమగును. అందలి ఆల్కహాలు సామాన్యముగా నూటికి నాలుగైదు వంతులు. చెట్లు తగ్గి గిరాకి పెరిగినచోట్ల ఆ కొరతను పూడ్చుటకై నీరు, శాకరిన్, వానితోపాటు క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రజోలం అను మందులు కలుపుట తెలంగాణలో అనేక పర్యాయములు బయటపడినది. వీనిలో క్లోరల్ హైడ్రేట్ పాతది. 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేయగా 1869 నుండి నిద్రమందుగా వాడుకలోనికి వచ్చినది. తక్కిన రెండును ఆందోళనకు, నిద్రలేమికి వైద్యుడు లెక్కించి యిచ్చు మాత్రలు. ముంతలో లెక్క ఎవరిది? త్రాగువాడు ఒక్క మత్తే పుచ్చుకొనుచున్నానని యనుకొనును. అతని యొంటిలోనికి పోవునవి రెండు, ఒక్కొక్కప్పుడు మూడు.

మన మెదడులో గాబా అనెడి రసాయన మొకటి కలదు. నాడీకణముల ఉద్రేకమును అణచుట దాని పని. ఎద్దుకు పగ్గము వంటి దనుకొనుడు. మద్యము ఈ పగ్గమును బిగించును. ఆల్ప్రజోలం వంటి మందులు అదే పగ్గమును వేరొక చోట పట్టి లాగును. ఒంటరిగా నిద్ర మాత్రమే తెచ్చు మోతాదు, మద్యముతో కలిసినప్పుడు ఊపిరినే మందగింపజేయవచ్చును. ఇచ్చట ఒకటియు ఒకటియు రెండుతో ఆగవు.

కణతల లోతున, మెదడులో, హిప్పోకాంపస్ అను చిన్నభాగ మున్నది. అప్పటికప్పుడు కలిగిన అనుభవమును చిరకాలపు జ్ఞాపకముగా నిలుపుటలో దీని పాత్ర ముఖ్యము. మత్తు గాఢమైనప్పుడు ఇది పని మానును. వింత యేమనగా, నాలుక మానదు, కాళ్లును మానవు. మనిషి నడచును, బేరమాడును, పేరుపెట్టి పలుకరించును. చూచువారికి తెలివిలోనే యున్నట్లు తోచును. ఒక రైతును ఊహింపుడు. పత్తి అమ్మిన నాడు సంతలో త్రాగి, ఎవరో చాపిన కాగితముపై వేలిముద్ర వేసినాడు. మరునాడు ‘నేను వేయలే’దనును. ఇల్లాలు అబద్ధమని యేడ్చును, సాక్షులు నవ్వుదురు. అతడు అబద్ధమాడుట లేదు. మరచినాడనుటయు సరికాదు, మరచుటకు ముందు మనసున వ్రాయబడవలెను గదా! ఆ రాత్రి పుటలో అక్షరమే పడలేదు. ఎంత గ్రుచ్చి యడిగినను రానిది రాదు. పైపెచ్చు, కొందరు ఆ ఖాళీని తమకు తోచిన కథతో నింపుకొని నిజమని నమ్ముదురు.

ఇక వేలిముద్ర వేయుమన్నది ఎవరు? నొసటి వెనుకనున్న మెదడుభాగము రేపటి నష్టమును నేటి సుఖముతో తూచి చూచును. మత్తులో ముందుగా మొద్దుబారునది ఈ త్రాసే. చేతిలోని నోటు కనబడును, పోవు పొలము కనబడదు. ‘ఇక చాలు’ అను నిర్ణయము చేయవలసినదియు ఆ భాగమే కనుక, రెండవ ముంత మొదటిదానికన్న సులువుగా లోనికి పోవును. ఇది పూర్తిగా ఎదుగుటకు ఇరువదియైదేండ్లు పట్టును. పదునారేండ్ల పిల్లవాని విషయమున మన భయము అందుచేత రెట్టింపు కావలెను.

ఒడిశా సరిహద్దునుండి భద్రాచలము దారిన పోవు గంజాయి పట్టుబడిన వార్తలు వినుచునే యున్నాము. గంజాయి చెప్పబోవు మాటను చెప్పులోపలనే జారవిడుచునట్లు చేయును. దానికి మద్యము తోడైనచో గంజాయిలోని మత్తుపదార్థము రక్తములోనికి మరింత ఎక్కును. ఆ స్థితిలో మోటారుసైకిలెక్కినవానికి తాను బాగుగనే నడుపుచున్నానని తోచుట కద్దు.

2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. అంతకుముందు 2015లో జరిగినది దీనికి విపర్యయము. కల్తీపై దాడులు జరిగి సరఫరా ఆగగా, అలవాటుపడినవారు వణకు, మూర్ఛ, పిచ్చిమాటలతో ఆసుపత్రులకు వచ్చిరి. పగ్గము హఠాత్తుగా తెగినచో ఎద్దు బెదరినట్లు మెదడును బెదరును. కావున ఇంటివారు కోపముతో ఒక్కనాడే మానిపింపబూనుట అపాయకరము. వైద్యుని పర్యవేక్షణలో మెల్లమెల్లగా మానిపింపవలెను. 14416 అను నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే సలహా అడుగవచ్చును.

స్మృతి తప్పి పడినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నిమ్మరసము, మజ్జిగ నోట పోయవలదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. 108ని పిలువుడు. మిగిలిన కల్లును సీసాతో, మాత్రల అట్టలను దొరికినన్నింటిని వెంట తీసికొనిపొండు. ఏమేమి త్రాగెనో, ఎప్పుడు త్రాగెనో వైద్యునకు చెప్పవలసినది మీరే. తెలివి వచ్చిన తరువాత అతనిని అడిగినను అతనికి తెలిసి యుండదు.