ప్రేమ ఒక్కటే చాలునా? – క్రైస్తవ నీతిచింతనలో సందర్భవాదం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ముస్లిములు, క్రైస్తవులు తరతరాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. లూథరన్, బాప్టిస్టు, సాల్వేషన్ ఆర్మీ సంఘాల పేర్లు ఇక్కడ తెలియనివారుండరు. అయినా ఒకరి ధర్మచింతన మరొకరికి తెలిసింది తక్కువే. “క్రైస్తవులకు షరీఅత్ లేదు, ప్రేమ ఒక్కటే చాలంటారు” అనే మాట మనలో తరచుగా వినిపిస్తుంది. అందులో నిజమెంతో తెలియాలంటే ‘సందర్భనీతి’ అనే వాదాన్ని పరిశీలించాలి.

దీనికి విశేష ప్రచారం కల్పించినవారు అమెరికన్ ఎపిస్కోపల్ మతాచార్యులు జోసెఫ్ ఫ్లెచర్ (1905–1991). 1966లో వెలువడిన తమ గ్రంథంలో ఆయన మూడు మార్గాలను వివరించారు. మొదటిది, పరిస్థితి ఏదైనా నియమాన్ని అక్షరాలా అమలు జరపడం. రెండవది, ఏ నియమమూ లేకుండా అప్పటికి తోచినట్లు చేయడం. ఈ రెండింటినీ తోసిపుచ్చి ఆయన మూడవదాన్ని ప్రతిపాదించారు. నియమాలు పూర్వుల అనుభవసారం గనుక వాటిని గౌరవించాలి. కాని ఒక సందర్భంలో అవి ప్రేమకు అడ్డువస్తే పక్కన పెట్టాలి. ప్రేమ అంటే ఇక్కడ హృదయావేశం కాదు. మనకు నచ్చనివానికి సైతం మేలు కోరే సంకల్పం. న్యాయం కూడా ఈ ప్రేమకు మరో రూపమేనని ఆయన అభిప్రాయం.

ఆయన చర్చించిన ఒక ఉదాహరణ ప్రసిద్ధమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరం సోవియట్ నిర్బంధ శిబిరంలో ఉన్న ఒక జర్మన్ తల్లి, గర్భిణులను విడిచిపెడతారని తెలిసి, ఒక కాపలాదారు ద్వారా గర్భం ధరించి భర్తనూ పిల్లలనూ చేరుకున్నది. ఆమె చేసింది తప్పా అన్నదే ఆయన పాఠకుల ముందుంచిన ప్రశ్న.

క్రైస్తవులందరూ దీనిని అంగీకరించారనుకోవడం పొరపాటు. ఈ ధోరణిని పోప్ 12వ పయస్ 1952లోనే ఖండించారు. ప్రేమ నిలకడగా పనిచేయాలంటే దానికి నియమాలు కావాలని ప్రొటెస్టెంటు పండితుడు పాల్ రామ్సే వాదించారు. ఫ్లెచర్ తామే తరువాతి కాలంలో క్రైస్తవ విశ్వాసాన్ని విడిచిపెట్టారు. కనుక సందర్భవాదం క్రైస్తవంలో ఒక వాదమే గాని, క్రైస్తవమంతా అదే కాదు.

పరిస్థితిని గమనించడం ఇస్లాంకు కొత్త కాదు. ఆకలితో ప్రాణం మీదికి వచ్చినవానికి నిషిద్ధాహారం విషయంలో దివ్యఖుర్ఆన్ (2:173) సడలింపునిచ్చింది. హిజ్రీ 18వ సంవత్సరపు కరువులో హజ్రత్ ఉమర్ (రజి.) దొంగతనానికి హస్తఖండన శిక్షను నిలిపివేసినట్లు ఉల్లేఖనాలున్నాయి. అయితే మన ఫుఖహా ‘జరూరత్’కు హద్దులు గీశారు. సడలింపు అవసరం మేరకే. అవసరం తీరగానే నియమం తిరిగి వస్తుంది. తన ప్రాణం కాపాడుకోవడానికైనా నిర్దోషి ప్రాణం తీయరాదు. కుటుంబాన్ని చేరాలనే ఆరాటం ఎంత సహజమైనదైనా, అదొక్కటే జారత్వాన్ని ధర్మసమ్మతం చేయదు. ఫ్లెచర్ దృష్టిలో మినహాయింపును ప్రేమ నిర్ణయిస్తుంది. ఇక్కడ ధర్మశాస్త్రమే నిర్ణయిస్తుంది.

ఈ భేదం పండితుల వాదం మాత్రమే కాదు. మేలు కోరి చేస్తున్నామనే మాటను ఎవరు, ఎవరి విషయంలో అంటున్నారన్న ప్రశ్న బాపట్ల సమీపంలో ఫ్లెచర్ గ్రంథానికి అర్ధశతాబ్దం ముందే తలెత్తింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని ఒకచోట ఉంచడానికి 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించబడింది. భూమి, పని, చదువు చూపి వారిని బాగుచేయాలన్నది సంస్థ ఉద్దేశం. కాని అక్కడివారు హాజరు చెప్పుకోవలసి వచ్చేది. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. నేరం చేయనివాడు సైతం పుట్టుకతో నేరస్థుడయ్యాడు. వారికి ఏది మేలో నిర్ణయించినది వారు కాదు. ఆ చట్టం 1952లో రద్దయినా పడిన మచ్చ తేలికగా చెరగలేదు.

దీనిని ప్రేమవాదానికి మాత్రమే వ్యతిరేకంగా చూపడం న్యాయం కాదు. వారిని బంధించినది కూడా చట్టమే కదా! దయ ఎరుగని చట్టం ఎంత క్రూరమో, హద్దు ఎరుగని దయ అంత ప్రమాదకరం. బలవంతుడు తన ఇష్టాన్నే ప్రేమ అని పిలిచినప్పుడు, “ఇది నా హక్కు” అనడానికి బలహీనునికి ఒక స్థిరమైన నియమం ఉండాలి. ఆ నియమం పాలకునికీ పాలితునికీ సమానంగా వర్తించాలి.

దివ్యఖుర్ఆన్ (16:90) అద్ల్‌నూ ఇహ్సాన్‌నూ, అంటే న్యాయాన్నీ ఉపకారాన్నీ, ఒకే ఆయత్‌లో ఆదేశించింది. రెండింటిలో ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాజాలదు. “మీకు ప్రేమ ఒక్కటే చాలునా?” అని పొరుగున ఉన్న క్రైస్తవ సోదరుణ్ణి అడిగే ముందు, మన షరీఅత్ పాలనలో ఇహ్సాన్ పాలు ఎంత ఉన్నదో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.