అండంలో కాల్షియం అల

జపాన్ వరిమళ్ల నీళ్లలో తిరిగే చిన్న చేప మెడాకా. దాని అండం మిల్లీమీటరుకు కాస్త పెద్దది, లోపలికి చూపు పారేంత పారదర్శకం. 1978లో గిల్కీ, జాఫే బృందం ఆ అండంలోకి ఇక్వోరిన్ అనే ప్రొటీన్ ఎక్కించింది. జెల్లీచేపల నుంచి తీసిన ఈ ప్రొటీన్ కాల్షియం తగిలితే వెలుగుతుంది. శుక్రకణం చేరిన చోట వెలుగు పుట్టింది. నిమిషాల్లోనే అలలా సాగి అవతలి కొస చేరి ఆరిపోయింది. ఫలదీకరణ అంటే అండమంతా కదిలే సంఘటన అని ఆ వెలుగే చూపించింది.

కణద్రవ్యంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం, కణం బయటికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కణం శక్తి ఖర్చుపెట్టి మరీ దాన్ని బయటికీ, తన లోపలే ఉండే అంతర్జీవద్రవ్య జాలం అనే అరలోకీ తోడేస్తూ ఉంటుంది. అందుకే ఏ కాస్త పెరిగినా అది సంకేతమవుతుంది. ఆ సంకేతానికి అర్థం ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

క్షీరదాల్లో ఒక్క అల చాలదు. ఎలుక అండంలో కాల్షియం పది ఇరవై నిమిషాలకోసారి పెరిగి తగ్గుతూ, గంటల తరబడి అలాగే సాగుతుంది. అండంలో అప్పటిదాకా ఆగి ఉన్న క్షయకరణ విభజన దానితోనే పూర్తవుతుంది, రెండో శుక్రకణానికి దారి మూసుకుపోతుంది. ఈ కాల్షియం అలలను మొదలుపెట్టేది శుక్రకణం తెచ్చే పీఎల్‌సీ-జీటా అనే ప్రొటీన్ అని 2002లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపారు. శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించినా ఫలదీకరణ జరగని కొన్ని జంటల్లో ఈ ప్రొటీన్ లోపమే కారణం. అప్పుడు వైద్యులు అండంలో కాల్షియం పెంచే రసాయనం వాడి చూస్తారు. పిల్లలు పుట్టకపోతే నింద ముందు ఆడవాళ్ల మీదే పడే మన సమాజంలో, ఈ లోటు శుక్రకణానిదని గట్టిగా చెప్పుకోవాలి.

పిండం కాస్త ఎదిగాక కాల్షియానికి ఇంకో పని పడుతుంది. గుండె ఎడమకు ఒరగాలని ఎలా తెలియాలి? ఎలుక పిండంలో నోడ్ అనే చిన్న గుంట ఉంటుంది. అందులో శైలికలు అనే వెంట్రుకల్లాంటి కణభాగాలు గిర్రున తిరుగుతూ ద్రవాన్ని ఎడమకు నెడతాయి. ఆ ప్రవాహాన్ని గుంట అంచున ఉన్న కదలని శైలికలు పసిగడతాయి, ఎడమ పక్క కణాల్లో కాల్షియం పెరుగుతుంది. ప్రవాహం తోపునే అవి గుర్తిస్తాయా, దాంతో కొట్టుకొచ్చే రసాయనాన్నా అని చాలాకాలం వాదన నడిచింది. 2023లో ఎలుక, జీబ్రాఫిష్ పిండాల్లో లేజర్ కాంతితో ఆ శైలికలను వంచి చూస్తే కాల్షియం పెరిగింది. తోపు వాదానికి ఇంత బలమైన సాక్ష్యం అంతకుముందు లేదు.

మనుషుల్లోనూ ఇదే యంత్రాంగం. పుట్టుకతోనే శైలికలు సరిగా కదలని జబ్బు ఉన్నవారిలో దాదాపు సగం మందికి గుండె కుడివైపు ఉంటుంది.