పాత కార్డు చెరపకండి: చిన్న బోర్డు కంప్యూటర్‌లో కొత్త ఓఎస్ ఎక్కించేదెలా?

గోదావరిఖని: సింగరేణి క్వార్టర్లలో గానీ, కాంట్రాక్టు కార్మికులు అద్దెకుండే గదుల్లో గానీ టీవీ ఉంటుంది, ఫోన్ ఉంటుంది. కంప్యూటర్ మాత్రం అన్ని ఇళ్లలో ఉండదు. డిగ్రీ చదివే పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేయాలన్నా, స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నా చౌరస్తాలోని నెట్ సెంటర్‌కే పోవాలి. ఇలాంటి ఇంటికి అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్ బాగా పనికొస్తుంది. ఇంట్లో ఉన్న టీవీకే తగిలించి, ఒక కీబోర్డు, మౌస్ పెడితే చాలు.

వీటిలో అందరికీ తెలిసింది రాస్ప్‌బెర్రీ పై. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో మొదటి బోర్డు మార్కెట్‌లోకి వచ్చింది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనే ఆలోచనతో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో దీన్ని తయారు చేశారు. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2015లో ఎంపిక చేసిన 8వ తరగతి విద్యార్థులకు ఈ బోర్డులు పంచింది. ఇప్పుడు కొన్నిచోట్ల మసీదుల్లో నమాజు వేళలు చూపించే డిజిటల్ బోర్డుల వెనుక, ట్యూషన్ సెంటర్లలో కూడా ఇలాంటి చిన్న బోర్డులే నడుస్తున్నాయి.

ఉన్న ఓఎస్‌ను ఎందుకు మార్చాలి?

ఐదారేళ్ల కింద ఎక్కించిన ఓఎస్‌ను అలాగే వాడుతుంటే ముందుగా దెబ్బతినేది బ్రౌజర్. కొత్త వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు. సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు టైప్ చేసే మెషిన్‌లో ఇది చిన్న విషయం కాదు.

రాస్ప్‌బెర్రీ పై సొంత ఓఎస్‌కు డెబియన్ లినక్స్ ఆధారం. దీన్ని మొదట రాస్పియన్ అనేవారు. 2020 నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అంటున్నారు. డెబియన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇది కూడా మారుతుంది. 2023 అక్టోబరులో బుక్‌వర్మ్ మీద, 2025 అక్టోబరులో ట్రిక్సీ మీద ఆధారపడిన వెర్షన్లు వచ్చాయి. ఇంత పెద్ద మార్పు ఉన్నప్పుడు పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేయకుండా, కొత్త కార్డులో మొదటి నుంచి ఎక్కించుకోమనే సంస్థ చెబుతోంది.

అసలు ప్రమాదం ఎక్కడంటే...

ఈ బోర్డులో హార్డ్‌డిస్క్ ఉండదు. ఓఎస్, ఫైళ్లు అన్నీ గోరంత మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంటాయి. కొత్త ఓఎస్ రాస్తే కార్డులోని పాతదంతా పోతుంది. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు, ట్యూషన్ సెంటర్ ఫీజుల లెక్క, మసీదు కమిటీ చందాల జాబితా, ఏదున్నా సరే.

చాలామంది ఇక్కడే ఒక తప్పు చేస్తారు. ఫైళ్లు కాపీ చేసుకుందామని పాత కార్డును విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడతారు. కార్డులో ఫైళ్లున్న భాగం లినక్స్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి విండోస్‌కు అది అర్థం కాదు. "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. కార్డు పాడైందనుకుని ఫార్మాట్ నొక్కితే ఉన్నది కూడా పోతుంది. అక్కడ క్యాన్సిల్ నొక్కాలి. ఫైళ్లు తీయాలంటే కార్డును మళ్లీ బోర్డులోనే పెట్టి ఆన్ చేసి, హోం ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. పాత కార్డును ముట్టుకోకుండా కొత్త కార్డు కొనండి. కొత్తది సరిగా పనిచేయకపోతే పాతది మళ్లీ పెడితే బోర్డు నిన్నటిలాగే నడుస్తుంది. కార్డు ఖర్చుకు భయపడి పాతదాన్నే చెరిపితే వెనక్కి పోయే దారి ఉండదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కార్డు: డెస్క్‌టాప్ ఉన్న పూర్తి ఓఎస్‌కు 32 జీబీ కార్డు వాడమని సంస్థ సూచన. డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్‌కు 16 జీబీ చాలు. మరీ చవగ్గా దొరికే కార్డుల్లో నకిలీలు ఉంటాయి. పైన 64 అని రాసి ఉన్నా లోపల అంత చోటు ఉండదు. బిల్లు ఇచ్చే షాపులోనే కొనాలి.

ఛార్జర్: పాత ఫోన్ ఛార్జర్ పెడితే నడుస్తుందనుకోవద్దు. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. పై 5కు 5 ఆంపియర్ల ఛార్జర్ ఉండాలి. స్క్రీన్ మూల పసుపు రంగు మెరుపు గుర్తు కనిపిస్తే కరెంటు చాలడం లేదని అర్థం. ఛార్జరో, వైరో మార్చాలి.

సరైన ఓఎస్: మామూలు కంప్యూటర్ కోసం చేసిన లినక్స్ ఫైలు ఈ బోర్డులో నడవదు. వీటిలో ఉండేది ఫోన్లలో ఉండేలాంటి ఆర్మ్ చిప్. పై 3, 4, 5లకు 64 బిట్ వెర్షన్ వాడొచ్చు. మొదటి తరం పై, మొదటి జీరో బోర్డులకు 32 బిట్ వెర్షనే గతి. వేరే కంపెనీ బోర్డు అయితే ఆ కంపెనీ ఇచ్చే ఓఎస్ ఫైలే తీసుకోవాలి.

ఎక్కించే పద్ధతి

ఒక గంట కోసం ఎవరిదైనా ల్యాప్‌టాప్, కార్డు రీడర్ అడిగి తెచ్చుకుంటే సరిపోతుంది. అందులో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోవాలి. అది ముఖ్యంగా మూడు విషయాలు అడుగుతుంది: మీ బోర్డు ఏది, ఏ ఓఎస్ కావాలి, ఏ కార్డులో రాయాలి.

మూడో ప్రశ్న దగ్గర నిదానంగా చూడాలి. ల్యాప్‌టాప్‌కు వేరే పెన్‌డ్రైవ్ గానీ, హార్డ్‌డిస్క్ గానీ తగిలించి ఉంటే వాటి పేర్లు కూడా కనిపించొచ్చు. పొరపాటున దాన్ని ఎంచుకుంటే అందులో ఉన్నదంతా పోతుంది. అందుకే మొదలుపెట్టే ముందే మిగతావన్నీ తీసేసి కార్డు ఒక్కటే ఉంచాలి.

తర్వాత సెట్టింగులు అడుగుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై వివరాలు, టైం జోన్, కీబోర్డు ఇక్కడే ఇచ్చేయొచ్చు. పాత వీడియోల్లో యూజర్ పేరు పై, పాస్‌వర్డ్ రాస్ప్‌బెర్రీ అని చెబుతారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఎవరి పేరు, పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి.

కీబోర్డు విషయంలో ఒక తిరకాసు ఉంది. ఇది ఇంగ్లండ్ బోర్డు కాబట్టి బ్రిటిష్ కీబోర్డు సెట్ అయి ఉండొచ్చు. అందులో షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే యాట్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు పడుతుంది. పాస్‌వర్డ్‌లో యాట్ గుర్తు ఉంటే ఎన్నిసార్లు కొట్టినా తప్పనే చూపిస్తుంది. మన దగ్గర అమ్మే కీబోర్డులకు యూఎస్ లేఅవుట్ పెట్టాలి. టైం జోన్ ఆసియా కోల్‌కతా, వైఫై దేశం ఇండియా అని ఎంచుకోవాలి.

రాయడం అయ్యాక ప్రోగ్రాం తనే సరిచూస్తుంది. విసుగొచ్చి దాన్ని మధ్యలో ఆపొద్దు. పూర్తయిందన్న తర్వాతే కార్డు తీసి బోర్డులో పెట్టి కరెంటు ఇవ్వాలి. చాలా బోర్డుల్లో ఎర్ర లైటు కరెంటుకు, పచ్చ లైటు కార్డు చదవడానికి గుర్తు. ఎర్రది వెలిగి పచ్చది అసలు మినుకుమనకపోతే కార్డు సరిగా కూర్చోలేదేమో చూడాలి, లేదంటే మళ్లీ రాయాలి.

తెలుగు, ఉర్దూ రెండూ వస్తాయి

డెబియన్‌లో తెలుగు ఫాంట్లు పోతన, వేమన, లోహిత్ ఉచితంగా దొరుకుతాయి. ఉర్దూకు నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసుకుంటే అక్షరాలు అరబ్బీ నస్ఖ్ తీరులో కాకుండా ఉర్దూ పత్రికల్లో చూసే వాలుతోనే కనిపిస్తాయి. కీబోర్డు లేఅవుట్లలో తెలుగు, ఉర్దూ ఫోనెటిక్ రెండూ ఉన్నాయి. ఇంగ్లిష్‌తో కలిపి మూడు పెట్టుకుని ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు చదివే పిల్లలకు దీని కోసం విడిగా సాఫ్ట్‌వేర్ కొనే పనిలేదు.

నమాజు వేళల బోర్డు ఉంటే...

పై 4, అంతకు ముందు బోర్డుల్లో కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం ఉండదు. ఆన్ అయ్యాక ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకుంటాయి. నెట్ లేకపోతే ఆగిన టైం దగ్గర నుంచే మళ్లీ మొదలవుతాయి. రెండు గంటలు కరెంటు పోతే బోర్డు మీది టైం రెండు గంటలు వెనకే ఉంటుంది. రంజాన్‌లో సహరీ, ఇఫ్తార్ వేళలు దీన్ని చూసి పాటించేవాళ్లకు ఇది పెద్ద తేడా. బ్యాటరీతో నడిచే చిన్న గడియారం మాడ్యూల్ తగిలిస్తే ఈ ఇబ్బంది పోతుంది. పై 5లో గడియారం ఉంది, దానికి బ్యాటరీ మాత్రం విడిగా పెట్టాలి.

ఎండ, దుమ్ము, కరెంటు

2,600 మెగావాట్ల ఎన్టీపీసీ పక్కనే ఉన్నా మన ఇళ్లలో కరెంటు పోదని గ్యారంటీ లేదు. కార్డులో ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఓఎస్ పాడవుతుంది. పని అయ్యాక ప్లగ్ పీకకుండా మెనూలో షట్‌డౌన్ ఇవ్వాలి. వీలైతే చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి.

ఈ బోర్డు చిప్ 80 డిగ్రీలు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. రామగుండం మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. హీట్ సింక్ గానీ, ఫ్యాన్ గానీ ఉండాలి. ఓపెన్‌కాస్ట్ గనులకు దగ్గరి కాలనీల్లో బొగ్గు దుమ్ము ఫ్యాన్‌కు పట్టేస్తుంది కాబట్టి ఆఫ్ చేసి అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

కొత్త ఓఎస్ మొదలయ్యాక నెట్ పెట్టి అప్‌డేట్లన్నీ ఒకసారి వేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లు తెచ్చుకుని, ఒక్కొక్కటి తెరిచి చూసుకోవాలి. కనీసం ఒక నెల అంతా సజావుగా నడిచిందని నమ్మకం కుదిరే దాకా పాత కార్డు మీద తేదీ రాసి బీరువాలో దాచి ఉంచండి.