దంత వైద్యశాలలో చెప్పక తప్పని మాటలు

దంత వైద్యశాలను నడిపే వైద్యుడు పన్ను తీయడంలోనూ, రూట్ కెనాల్ చేయడంలోనూ ఏళ్ల తరబడి తర్ఫీదు పొందినవాడే గాని, తన దగ్గర పనిచేసే అసిస్టెంటుకు ఆమె పొరపాటును ఎలా చెప్పాలో అంత శ్రద్ధగా నేర్చుకుని ఉండడు. అందువల్ల ఆ మాట రోజుల తరబడి వాయిదా పడుతుంది, లేదా రోగి ఎదుటే కసురుగా బయటపడుతుంది.

సాయంత్రపు రద్దీలో, పన్నును అరగదీసే హ్యాండ్‌పీస్‌ను స్పిరిట్‌తో తుడిచి తరువాతి రోగికి వాడిన సందర్భాన్ని తీసుకోవచ్చు. ఆ పరికరం లోపలికి లాలాజలం, రక్తం చేరగలవు కాబట్టి, హెపటైటిస్-బి వంటి రక్తం ద్వారా సోకే వ్యాధులను నివారించడానికి పైపైన తుడిస్తే చాలదు. పీడనంతో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లో, సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు గాని, 134 డిగ్రీల వద్ద కనీసం 3 నిమిషాలు గాని ఉంచాలి. యంత్రం వేడెక్కడానికి, పరికరాలు ఆరడానికి పట్టే సమయం దీనికి అదనం. రద్దీలో ఎగిరిపోయేది ఈ సమయమే.

ఆ రోజే తలుపు వేసి, "ఇందాక హ్యాండ్‌పీస్ తుడిచి ఇచ్చావు, ఆటోక్లేవ్‌లో పెట్టలేదు. ఏం జరిగిందమ్మా?" అని అడగడం వేరు, "నీకెప్పుడూ నిర్లక్ష్యమే" అనడం వేరు. మొదటి మాటకు జవాబు ఉంటుంది. రెండో మాటకు కన్నీళ్లో మౌనమో తప్ప మరేమీ ఉండవు. "ఉన్నవి రెండే కదా డాక్టరుగారూ, రెండోది ఇంకా మిషన్లోనే ఉంది" అనే జవాబు వచ్చినప్పుడు, తప్పులో సగం కంటే ఎక్కువ యజమానిదేనని ఒప్పుకుని, మరో హ్యాండ్‌పీస్ కొనడమో, అపాయింట్‌మెంట్లు తగ్గించడమో ఆయనే చేయాలి. పరికరాలు సరిపడా ఉండి కూడా అదే పని పునరావృతమైతే మాత్రం లిఖితపూర్వకంగా హెచ్చరించడం అన్యాయం కాదు.

అసిస్టెంటుతో మాట్లాడినంత మాత్రాన పని పూర్తికాదు, ఆ హ్యాండ్‌పీస్ వాడిన రోగికీ విషయం చెప్పి, అవసరమైన రక్తపరీక్షలు చేయించాలి. క్యాన్సర్ రోగులకు చేదువార్త చెప్పడం కోసం బెయిల్, బక్‌మన్ తదితరులు 2000లో ప్రచురించిన 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది: రోగికి అప్పటికే ఏం తెలుసో ముందుగా అడిగి, తేలిక మాటల్లో సంగతి చెప్పి, ఆయన కోపాన్ని అడ్డుకోకుండా విని, ఆ తరువాతే చేయవలసినదాన్ని వివరించాలి. రూట్ కెనాల్‌లో వాడే సన్నని ఫైలు విరిగి, ముక్క పంటివేరులో ఉండిపోయినప్పుడు కూడా ఇదే వరుస వర్తిస్తుంది. ముక్క మిగిలిన ప్రతి పన్నూ పాడైపోదు. అయితే ఆ ముక్క ఎక్స్‌రేలో కనబడుతుంది గనుక, వైద్యుడు దాచిన మాటను రోగి మరో డాక్టరు నోట వినవలసి వస్తుంది.