క్రొత్త గ్రాఫిక్స్ కార్డు – వెలుగని తెర

కుల్కచర్లలో ఒక యింట మనుమని కంప్యూటరునకు క్రొత్త గ్రాఫిక్స్ కార్డు నమర్చిరనుకొందము. మీట నొక్కగా పంకాలు తిరుగును గాని తెరపై బొమ్మ రాదు. కార్డు చెడినదని వెంటనే హైదరాబాదునకు ప్రయాణము కట్టకుడు. వేల రూపాయల వస్తువుపై నింద మోపుటకు ముందు తెరతీగను జూడుడు. అది పెట్టె వెనుక మదర్‌బోర్డు రంధ్రముననే మిగిలియుండుట తఱచు. దానిని కార్డు రంధ్రమునకు మార్పవలయును.

అప్పటికిని వెలుగనిచో కరెంటు తీసివేసి, కార్డు గాడిలో టిక్కుమని కూర్చున్నదో లేదో చూడుడు. ఆ గాడి 75 వాట్లకు మించి యీయజాలదు. పెద్ద కార్డులు 200 వాట్లయినను గోరును. ఆ కొఱత దీర్చుటకు పవర్ సప్లై నుండి వేఱు తీగ రావలయును. 8 పిన్నుల తీగ యొకటి 150 వాట్ల నిచ్చును. ప్రాసెసరు తీగయు 8 పిన్నులదే. చూపునకు కవలలే గాని దానిని బలిమి నిందు దూర్చరాదు.

ఇవన్నియు సరియైనచో, కార్డును తగిన బలముగల మఱియొక కంప్యూటరున బెట్టి చూడుడు. అక్కడను బొమ్మ రాకున్న, రసీదుతో అమ్మినవాని యొద్దకు బోవచ్చును.