ఒక్క సాక్షి మాట చాలదు

శాంతిపురం కూడలిలో కాసేపు నిలబడితే మూడు రాష్ట్రాల నంబరు ప్లేట్లు కళ్లముందు సాగిపోతాయి. పాత బండ్ల మీద చిత్తూరు జిల్లా ఏపీ 03, కొత్త బండ్ల మీద ఏపీ 39, కేజీఎఫ్ నుంచి వచ్చే కేఏ 08, కృష్ణగిరి నుంచి వచ్చే టీఎన్ 24. మదనపల్లె టమాటా మార్కెట్టుకు, బెంగళూరు కూలిపనికి, కుప్పం ఆసుపత్రులకు, పక్క రాష్ట్రంలోని చుట్టాల ఇంటికి మన వాళ్ల ప్రయాణాలు సరిహద్దులు దాటుతూనే ఉంటాయి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరే 42వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి ప్రాణనాడి. ఆ దారిన పోయే ప్రతి బండి నంబరునూ చదివి, రాసిపెట్టుకునే కెమెరాల గురించి ఈ వారం పాఠకులతో మాట్లాడాలనుకుంటున్నాం.

ఇవి దుకాణాల ముందు వేలాడే మామూలు సీసీ కెమెరాలు కావు. మామూలు కెమెరా దృశ్యాన్ని రికార్డు చేస్తుంది. అందులో ఏముందో తర్వాత ఒక మనిషి కూర్చుని చూడాలి. నంబరు ప్లేటు చదివే కెమెరా తానే చదువుతుంది. రాత్రి వేళ కంటికి కనబడని పరారుణ కాంతితో ప్లేటును ఫొటో తీస్తుంది. కంప్యూటరు ఆ ఫొటోలోని అక్షరాలను, అంకెలను విడదీసి, తేదీ, సమయం, స్థలం జతచేసి భద్రపరుస్తుంది. దొంగిలించిన బండ్లు, కేసుల్లో ఉన్న బండ్లు, చలానాలు కట్టని బండ్ల జాబితాతో ఆ నంబరును పోల్చుతుంది. సరిపోతే కంట్రోల్ రూములో హెచ్చరిక మోగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ఈ యంత్రాన్ని మొదట 1976లో బ్రిటన్ పోలీసు పరిశోధన విభాగం తయారు చేసింది. మన తెలుగు నేల మీద హైదరాబాదు కూడళ్లలో ఇవి మామూలైపోయాయి. నగరంలోని కెమెరాలను ఒక్కచోట నుంచి చూసే కమాండ్ కంట్రోల్ సెంటరు బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైంది. కేరళలో 726 కెమెరాలతో 2023 జూన్ 5 నుంచి రోడ్డు తప్పులకు జరిమానాలు వేయడం మొదలుపెట్టారు. నగరాల్లో మొదలైన పద్ధతి చిన్న పట్టణాలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదని మనకు తెలుసు.

ఈ కెమెరాలను మేము శత్రువులుగా చూడడం లేదు. అప్పు చేసి కొన్న మోటారు సైకిలు పోతే ఒక కూలీ కుటుంబం ఎంత కుంగిపోతుందో మనం చూస్తూనే ఉన్నాం. రాత్రి పూట మనిషిని గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన లారీ నంబరు దొరికితే ఒక విధవరాలికి న్యాయం దొరుకుతుంది. ఎత్తుకుపోయిన బిడ్డ ఉన్న కారు ఏ సరిహద్దు దాటిందో అరగంటలో తెలిస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. యెరికో దారిలో దొంగల చేతిలో పడినవాని కథ చదివే మనం, దారులు భద్రంగా ఉండాలని కోరుకోకుండా ఎలా ఉంటాం? అధికారులు మన మేలు కోసం ఉన్న దేవుని పరిచారకులని రోమా పత్రిక నేర్పుతోంది. అయితే పరిచారకుడు లెక్క అప్పగించవలసినవాడు కూడా. మా ప్రశ్నలన్నీ అక్కడే మొదలవుతాయి.

మొదటి ప్రశ్న, యంత్రం తప్పు చదివితే ఎలా?

2020 ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, అరోరా పట్టణంలో జరిగిన సంగతి ఇది. ఒక నల్లజాతి స్త్రీ తన ఇంటి ఆడపిల్లలను కారులో తీసుకువెళుతోంది. ఆ కారు దొంగ బండి అని యంత్రం ఇచ్చిన సమాచారాన్ని నమ్మి పోలీసులు తుపాకులు గురిపెట్టి అందరినీ కిందికి దింపారు. పిల్లలను వేడి నేల మీద బోర్లా పడుకోబెట్టారు. వారిలో ఇద్దరి చేతులకు బేడీలు వేశారు. ఆరేళ్ల పాప కూడా ఆ నేల మీదే ఉంది. నిజానికి యంత్రం అంకెలను తప్పు చదవలేదు. అవే అంకెలున్న దొంగ బండి ఒకటి జాబితాలో ఉన్న మాట నిజమే. కాని అది మోంటానా అనే వేరే రాష్ట్రానిది, పైగా మోటారు సైకిలు. నంబరు కలిసింది, రాష్ట్రం కలవలేదు, బండి రకమూ కలవలేదు. ఒక్క నిమిషం ఆగి పోల్చి చూసినవారు లేరు. ఆ తర్వాత 2024లో ఆ నగరం 19 లక్షల డాలర్లు పరిహారంగా చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ పిల్లల మనసులో పడిన భయానికి ఆ డబ్బు సరిపోతుందా?

మూడు రాష్ట్రాలు కలిసే మన ప్రాంతానికి ఈ సంగతి దూరపు వార్త కాదు. మన ప్లేట్ల మీద దుమ్ము పేరుకుంటుంది, బురద పడుతుంది. కొందరు అక్షరాలను వంకర టింకరగా రాయించుకుంటారు. 8ని ‘బి’గా, సున్నాను ‘ఓ’గా పొరబడడానికి ఇవన్నీ కారణాలే. మరొకరి నంబరును నకలు చేసి తన బండికి తగిలించుకునే మోసగాళ్లూ ఉన్నారు. అప్పుడు యంత్రం సరిగ్గానే చదువుతుంది, శిక్ష మాత్రం నిర్దోషి ఇంటికి వస్తుంది. కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి చేయడానికి ఇదీ ఒక కారణం.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయం ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. ఒకే ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదని, ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని, న్యాయాధిపతులు బాగా విచారించాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. కెమెరా ఒక సాక్షి. మంచి సాక్షే కావచ్చు, కాని ఒక్క సాక్షి. హెచ్చరిక మోగగానే బండి రంగు, రకం, రాష్ట్రం, ఫొటో పోల్చి చూసే పోలీసు రెండవ సాక్షి. ఆ రెండవ సాక్షి లేకుండా ఎవరి మీదా చేయి పడకూడదు.

రెండవ ప్రశ్న, ఆ యంత్రం ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుంది?

కెమెరా ముందునుంచి వెళ్లే బండ్లలో దాదాపు అన్నీ ఏ తప్పూ చేయనివారివే. వాటి రికార్డును కూడా నెలల తరబడి దాచితే అది నేరస్థుల జాబితాగా ఉండదు, ఊరందరి రాకపోకల పుస్తకమైపోతుంది. ఎవరు ఏ ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లారో అందులో ఉంటుంది. ఎవరి బండి ఏ ఇంటి వీధిలో రాత్రి ఆగిందో ఉంటుంది. క్షయ పేరు చెబితేనే జనం దూరం జరిగిన రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి ఎందరో గుట్టుగా వచ్చి చికిత్స పొందారు. అలాంటి గుట్టు ఈనాటి రోగులకూ కావాలి. భర్త దెబ్బలకు తాళలేక పిల్లలతో వెళ్లిపోయిన స్త్రీ ఎక్కడ తలదాచుకుందో తెలియకూడదు. ఇంట్లోవారికి ఇంకా చెప్పలేక ప్రార్థన కూడికకు వచ్చే కొత్త విశ్వాసి సంగతి మన సంఘాలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పుస్తకం ఒక్క చెడ్డ చేతిలో పడితే చాలు.

ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ముస్లిములు ఎక్కువగా ఉండే రెండు పేటల చుట్టూ 200కు పైగా కెమెరాలు బిగించారు. మామూలు నేరాల అదుపు కోసమని ప్రజలకు చెప్పారు. ఉగ్రవాద నిరోధక నిధులతో పెట్టారని 2010లో బయటపడింది. జనం నిలదీశారు, పోలీసులు క్షమాపణ చెప్పారు, కెమెరాలను తీసేశారు. ఆనాడు గురి అయినవారు ముస్లిములు. మరో దేశంలో, మరో కాలంలో అది మరో మతంవారు కావచ్చు. పొరుగువాని గుట్టు కాపాడమని అడగనివాడు తన గుట్టు కోసం ఏ ముఖంతో అడుగుతాడు?

ఇలాంటి హద్దులు సాధ్యమేనని కొన్ని దేశాలు చూపించాయి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2008 మార్చి 11న రెండు రాష్ట్రాల చట్టాలను కొట్టివేస్తూ, జాబితాతో సరిపోలని నంబర్లను వెంటనే చెరిపేయాలని చెప్పింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం సరిపోలనివాటికి మూడు నిమిషాలు గడువు పెట్టింది. దొంగలను పట్టుకోవడానికి అందరి ప్రయాణాలనూ దాచుకోనక్కరలేదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో ఈ కెమెరాల కోసమే చేసిన చట్టం లేదు. అయినా మన చేతులు ఖాళీగా లేవు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు. చలానాల కోసం వాడే కెమెరాల గురించి 2021 ఆగస్టులో కేంద్రం నియమాలు ఇచ్చింది. పరికరానికి ఆమోద పత్రం ఉండాలని, నిఘా ఉన్న రోడ్డుకు ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలని అవి చెబుతున్నాయి. చలానాకు సంబంధం లేని రాకపోకల రికార్డు సంగతి మాత్రం ఆ నియమాల్లో తేలలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ నేర పరిశోధన పనులకు పెద్ద మినహాయింపులు ఇచ్చింది. హైదరాబాదులో ముఖాలను గుర్తుపట్టే కెమెరాల మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ముఖానికి వర్తించే ప్రశ్న నంబరు ప్లేటుకూ వర్తిస్తుంది.

కాబట్టి మన ఊళ్లకు ఈ కెమెరాలు వచ్చినప్పుడు సంఘ పెద్దలు, పౌరులు మర్యాదగా, గట్టిగా అడగవలసినవి నాలుగున్నాయి. కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ప్రజలకు చెబుతారా? జాబితాలో లేని బండ్ల రికార్డును ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు? దాన్ని ఎవరు చూడవచ్చు, చూసినవారి పేరు నమోదవుతుందా? తప్పు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? వీటిని సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగవచ్చు. అడగడం తిరుగుబాటు కాదు. తనను విచారణ లేకుండా కొట్టించబోయిన శతాధిపతిని పౌలు తన రోమా పౌరసత్వం పేరిట ప్రశ్నించాడు.

మన వైపు చేయవలసినవీ ఉన్నాయి. ప్లేటు శుభ్రంగా, నిబంధన ప్రకారం ఉంచుకుందాం. బండి అమ్మినప్పుడు ఫారం 29, 30 ఇచ్చి పేరు మార్పించాలి. కాగితాల మీద పేరు ఎవరిదో బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మనది కాని చలానా వస్తే భయపడి కట్టేయకుండా, అందులోని ఫొటోను మన బండితో పోల్చి చూసి, ఈ-చలానా వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయాలి. చదువురాని పొరుగువారికి ఈ పని చేసిపెట్టడం కూడా పరిచర్యే.

అరణ్యంలో నీటి ఊట దగ్గర ఒంటరిగా ఉన్న హాగరును దేవుడు చూశాడు. ఆమె తప్పించుకుపోతున్న దాసి. దేవుడు ఆమెను పేరు పెట్టి పిలిచాడు, ఎక్కడినుంచి వస్తున్నావని, ఎక్కడికి వెళుతున్నావని అడిగాడు, ఆమె చెప్పింది విన్నాడు. కెమెరా కూడా ఎక్కడినుంచి, ఎక్కడికి అనే లెక్క రాస్తుంది. కాని దానికి పేరు తెలియదు, జవాబు వినదు. వినవలసిన బాధ్యత దాని వెనుక కూర్చున్న మనిషిది. ఆ మనిషికి జ్ఞానము, కనికరము కలగాలని ప్రార్థిద్దాం. ప్రార్థించి, ఆ నాలుగు ప్రశ్నలూ అడుగుదాం.