కతుల్లుసు పిచ్చుక: శ్లేషయా, ధ్వనియా?

క్రీ. పూ. మొదటి శతాబ్దికి చెందిన లాటిను కవి కతుల్లుసు తన ప్రియురాలి పెంపుడు పిచ్చుకపై రెండు ఖండికలు రచించెను. మొదటిదానిలో ఆమె దానిని ఒడిలో నుంచుకొని వ్రేలికొనను పొడిపించుకొనును. రెండవదానిలో పిచ్చుక మరణింపగా ఆమె కన్నులు ఏడ్చి యెఱ్ఱవాఱును. ఇది పక్షి కాదనియు, పురుషాంగమునకు మఱుపేరనియు 1489లో ఇటలీ పండితుడు పొలిజియానో సూచించెను. నాటి వివాదము నేటికిని చల్లాఱలేదు.

పొలిజియానోకు ఆధారము మార్షియలు. కతుల్లుసునకు సుమారు 150 ఏండ్ల తరువాతివాడైన ఈ కవి, సాటర్నాలియా పండుగనాడు, ముద్దులిచ్చినచో కతుల్లుసు పిచ్చుక నిత్తునని చమత్కరించెను. అచ్చట కొంటెయర్థము తోచుట సహజమే. ఐనను పిచ్చుక యనగా కతుల్లుసు గ్రంథమే యని చెప్పినవారును కలరు. గ్రీకున పిచ్చుక పేరునుండి పుట్టిన యొక పదము ప్రహసనములలో నట్టి యర్థమున వాడబడెనని నిఘంటుకర్త ఫెస్టుసు వ్రాసెను. అది ప్రహసనభాషకు సాక్ష్యమే గాని ఈ ఖండికలకు కాదు. తరువాతి కవి కొంటెతనమును పూర్వకవి నెత్తిన రుద్దుట న్యాయమా?

ఇచ్చట భారతీయాలంకారికుల విభాగము అక్కఱకు వచ్చును. శ్లేషలో రెండర్థములును అభిధచేతనే చెప్పబడును. ప్రకరణము అభిధను ఒక యర్థమునకే కట్టివైచినచో రెండవది వ్యంజనచే మాత్రమే తోచును. ఆనందవర్ధనుడు దానిని శబ్దశక్తిమూలధ్వని యనెను. శ్లేష యెంత కట్టుబాటు గలదో పింగళి సూరన రాఘవపాండవీయము చదివినవా రెఱుగుదురు: రామకథకు పొసగి భారతకథకు పొసగని పద్యము అందు నిలువదు. కతుల్లుసు పిచ్చుక యన్ననో, బిడ్డ తల్లి నెఱిగినట్లు యజమానురాలి నెఱిగియుండెనట. ఈ పోలిక పక్షికే చెల్లును, గూఢార్థమునకు చెల్లదు. కావున ఇది శ్లేష కాదు.

అట్లని శృంగారము లేదనరాదు. సాఫో గీతమున ఆఫ్రొదీతె రథమును లాగునవి పిచ్చుకలే. మన మన్మథునకు చిలుక వాహనము. ప్రణయదేవత పక్షి ప్రియురాలి యొడిలో నాడుచుండగా, తనకు దక్కని చనువు దానికి దక్కెనను కవి యసూయ ధ్వనించును. అందులకు బూతుమాట తోడ్పాటు అక్కఱలేదు. అమరుకశతకమున నొక చిలుక దంపతుల రాత్రిమాటలను ఉదయమున పెద్దలయెదుట వల్లింపబోగా, వధువు కెంపుకమ్మను దానిమ్మగింజ నెపమున దాని ముక్కున బెట్టి నోరు మూయించును. అందు చిలుక చిలుకయే. శృంగారమంతయు దాని వినికిడిలో నున్నది. కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆ శతకమునకు శృంగారదీపికను రచించుటచే ఈ సంప్రదాయము ఆంధ్రులకును పరిచితమే.

ఈ పక్షికావ్యములలో భారతదేశమునకు నేరుగనే పాలు కలదు. కతుల్లుసు ననుసరించి ఓవిదు తన ప్రియురాలు కొరిన్నా చిలుకకై విలపించెను. అది భారతదేశపు చిలుక యని ఆతడే చెప్పెను. సూరతునకు ఉత్తరమున నర్మదాతీరమందలి భరూచి, బరుగజ యను పేర, ఆ కాలపు పాశ్చాత్య వాణిజ్యమున పెద్ద రేవు. ఓవిదు చిలుక తుదిమాట కొరిన్నాకు వీడ్కోలు; దానికి వేఱర్థము వెదకనక్కఱలేదు.